తప్పు పడ్డ పాయింట్ల పట్టిక

(బెల్లంకొండ స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)

లీగ్ పోటీల పాయింట్ల పట్టికలో ప్రతి ఆటా రెండుసార్లు నమోదవుతుంది. ఒక జట్టు గెలుపు గడిలో ఒకటి పెరిగితే ఇంకో జట్టు ఓటమి గడిలో ఒకటి పెరుగుతుంది. ఒకరు కొట్టిన గోల్ మరొకరు ఇచ్చుకున్న గోల్. డ్రా అయితే రెండు జట్ల డ్రా గడులూ కదులుతాయి. జమాఖర్చుల పుస్తకంలో ఒకే మొత్తం ఒకచోట జమగా, ఇంకోచోట ఖర్చుగా పడటం లాంటిదే ఇదీ. అందువల్ల పట్టికలో అవసరానికి మించిన అంకెలుంటాయి. ఆ మించిన అంకెల మీదే రెండు రకాల చిక్కులెక్కలు పుట్టాయి. మొదటి రకంలో కొన్ని గడులు ఖాళీగా వదిలి, ఉన్నవాటితో మిగతావి నింపమంటారు. రెండో రకంలో గడులన్నీ నిండే ఉంటాయి. కాని వాటిలో ఒకటో రెండో, ఒక్కోసారి అన్నీ తప్పు. తప్పు ఏ గడిలో ఉందో, అక్కడ ఉండాల్సిన అంకె ఏదో తేల్చాలి.

మొదటి రకానికి పేరు తెచ్చినవాళ్లలో ఇంగ్లండ్ పజిల్ కర్త హెన్రీ డ్యూడెనీ ఒకడు. స్కాట్లాండ్, ఇంగ్లండ్, ఐర్లండ్, వేల్స్ జట్ల ఫుట్‌బాల్ పట్టిక ఇచ్చి, స్కాట్లాండ్ ఇంగ్లండ్‌ను 3-0తో ఓడించిందన్న ఒక్క సంగతి చెప్పి, మిగతా ఐదు ఆటల స్కోర్లు కనిపెట్టమన్నాడు. రెండో రకాన్ని సాగుచేసినవాడు వించెస్టర్ కాలేజీ ఉపాధ్యాయుడు ఇ.ఆర్. ఎమెట్. 1979లో న్యూ సైంటిస్ట్ వారపత్రికలో మొదలైన ఎనిగ్మా శీర్షికలో ఆయన ఫుట్‌బాల్ పట్టికలు కనిపిస్తాయి. వాటిలో అంకెలు కావాలనే చెడగొట్టి ఉంటాయి. ఖాళీ గడి తనకేమీ తెలియదని ఒప్పుకుంటుంది, తప్పు గడి తెలిసినట్టు మాట్లాడుతుంది. రెండో రకం లెక్క గడ్డుది కావడానికి కారణం అదే.

పట్టికను కట్టిపడేసే నియమాలు కొద్దే. ఒక జట్టు గెలుపులు, డ్రాలు, ఓటములు కూడితే ఆడిన ఆటల సంఖ్య రావాలి. గెలుపుకు ఇన్ని, డ్రాకు ఇన్ని అన్న లెక్క ప్రకారం పాయింట్లు సరిపోవాలి. ఈ రెండూ అడ్డువరుస నియమాలు, ఏ జట్టుకు ఆ జట్టుకే వర్తిస్తాయి. నిలువు వరుసల నియమాలు అన్ని జట్లనూ కలిపి చూస్తాయి: మొత్తం గెలుపులు మొత్తం ఓటములకు సమానం, మొత్తం డ్రాలు సరిసంఖ్య, కొట్టిన గోల్స్ మొత్తం ఇచ్చుకున్న గోల్స్ మొత్తానికి సమానం. ఇవికాక హద్దులు కొన్ని ఉంటాయి. ఓడిన ప్రతి ఆటలో కనీసం ఒక గోల్ తేడా ఉండాలి. ఒక్క ఓటమీ లేని జట్టు ఇచ్చుకున్న గోల్స్ కంటే కొట్టినవి కనీసం దాని గెలుపుల సంఖ్యంత ఎక్కువ ఉండాలి.

కల్పించిన పట్టిక కంటే జరిగిన పోటీ మీద ఇదంతా చూడటం మేలు. 1960 రోమ్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ ఆడిన గ్రూపు అందుకు చక్కగా సరిపోతుంది. తెలుగు నేలకు ఆ జట్టుతో చుట్టరికం కూడా ఉంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్‌వాడు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశంలో మేటిగా తీర్చిదిద్దినవాడు. ఫార్వర్డ్ తులసీదాస్ బలరామ్‌ది సికింద్రాబాద్. గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ, భారత్ ఒక్కోసారి తలపడ్డాయి. అప్పుడు గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి. పట్టిక ఇలా తేలింది:

హంగరీ: ఆటలు 3, గెలుపులు 3, డ్రాలు 0, ఓటములు 0, కొట్టినవి 15, ఇచ్చుకున్నవి 3, పాయింట్లు 6
ఫ్రాన్స్: ఆటలు 3, గెలుపులు 1, డ్రాలు 1, ఓటములు 1, కొట్టినవి 3, ఇచ్చుకున్నవి 9, పాయింట్లు 3
పెరూ: ఆటలు 3, గెలుపులు 1, డ్రాలు 0, ఓటములు 2, కొట్టినవి 6, ఇచ్చుకున్నవి 9, పాయింట్లు 2
భారత్: ఆటలు 3, గెలుపులు 0, డ్రాలు 1, ఓటములు 2, కొట్టినవి 3, ఇచ్చుకున్నవి 6, పాయింట్లు 1

కూడికలు సరిపోతాయి. గెలుపులు 5, ఓటములు 5, డ్రా గడుల మొత్తం 2 అంటే డ్రా అయిన ఆట ఒకటే. గోల్స్ అటు 27, ఇటు 27. ఆరు ఆటలకు రెండేసి చొప్పున పాయింట్లు 12.

ఎవరు ఎవరిని గెలిచారో తేల్చడానికి గోల్స్ అక్కర్లేదు. హంగరీ అందరినీ ఓడించింది. డ్రా ఒకటే, అది ఫ్రాన్స్, భారత్ వరుసల్లో ఉంది కాబట్టి ఆ రెండింటి మధ్య ఆటే డ్రా. భారత్ రెండో ఓటమి ఇక పెరూ చేతిలోనే. పెరూ రెండో ఓటమి ఫ్రాన్స్ చేతిలో. ఆరు ఫలితాలూ వచ్చేశాయి.

స్కోర్ల దగ్గర పట్టిక అంత ఉదారంగా ఉండదు. పైన ఉన్న అంకెలు ఎంత తిప్పినా ఒకటికి మించిన జవాబులు వస్తాయి. ఇంకో సంగతి తెలియాలి: ఆ మూడు ఆటల్లోనూ భారత్ ఒక్కొక్క గోలే కొట్టింది. హంగరీ మీదా పెరూ మీదా బలరామ్ కొట్టాడు, ఫ్రాన్స్ మీద కెప్టెన్ పి.కె. బెనర్జీ కొట్టాడు. ఎవరు కొట్టారన్నది లెక్కకు అవసరం లేదు, ఒక్కొక్కటి అన్నది చాలు.

దాంతో ఫ్రాన్స్-భారత్ ఆట 1-1. భారత్ ఇచ్చుకున్న ఆరు గోల్స్‌లో ఒకటి ఫ్రాన్స్‌కు పోగా ఐదు మిగిలాయి. అవి హంగరీ, పెరూ కొట్టినవి. ఇద్దరి చేతిలోనూ భారత్ ఒక గోల్ కొట్టి ఓడింది కాబట్టి ఎవరూ రెండుకు తక్కువ కొట్టి ఉండరు. అంటే పెరూ భారత్ మీద కొట్టినవి రెండు లేదా మూడు. ఫ్రాన్స్ కొట్టిన మూడింటిలో ఒకటి భారత్ మీద పోయింది, మిగిలినవి రెండు. పెరూ మీద గెలవడానికి వాటిలో కనీసం ఒకటి కావాలి. ఇక రెండే దారులు.

ఫ్రాన్స్ పెరూ మీద ఒకటే కొట్టి, రెండోది హంగరీ మీద కొట్టిందనుకుంటే, పెరూ ఆ ఆటలో సున్నా. హంగరీ ఇచ్చుకున్న మూడింటిలో భారత్‌కు ఒకటి, ఫ్రాన్స్‌కు ఒకటి పోగా పెరూ వాటా ఒకటి. అప్పుడు పెరూ మొత్తం ఆరు కావాలంటే భారత్ మీద ఐదు కొట్టాలి. మూడు మించదని ముందే తేలింది. ఈ దారి మూసుకుపోయింది. కనుక ఫ్రాన్స్ ఆ రెండూ పెరూ మీదే కొట్టింది, హంగరీ మీద సున్నా. హంగరీ మీద పెరూ రెండు. పెరూకు ఇంకా నాలుగు కావాలి: ఫ్రాన్స్ మీద ఒకటి మించకూడదు, భారత్ మీద మూడు మించకూడదు. కాబట్టి ఒకటి, మూడు. ఫ్రాన్స్ 2-1 పెరూ, పెరూ 3-1 భారత్, హంగరీ 2-1 భారత్. ఇచ్చుకున్న గోల్స్ తొమ్మిది చొప్పున నింపితే హంగరీ 6-2 పెరూ, హంగరీ 7-0 ఫ్రాన్స్. ఆరు ఆటలకూ రోమ్ ఒలింపిక్స్‌లో నమోదైన స్కోర్లు ఇవే.

ఇప్పుడు ఈ పట్టికను చెడగొట్టి చూడాలి. భారత్ పాయింట్లు 1 బదులు 2 అని పడితే తప్పు తనంతట తానే బయటపడుతుంది. అడ్డువరుసలో ఒక డ్రాకు ఒక పాయింటే రావాలి, నిలువు మొత్తం 12 రావాల్సింది 13 వస్తోంది. రెండు గీతలూ ఒకే గడి దగ్గర కలుస్తాయి. భారత్ డ్రాలు 2 అని పడినా అంతే. ఆటల కూడిక నాలుగవుతుంది, పాయింట్లు సరిపోవు, డ్రాల మొత్తం బేసి అవుతుంది. మూడు ఫిర్యాదులూ ఒకే గడి మీద. గెలుపు, డ్రా, ఓటమి, పాయింట్ల గడులకు ఇలా అడ్డంగా ఒక కాపలా, నిలువుగా ఒక కాపలా ఉంటాయి. గోల్స్ గడులకు అడ్డుకాపలా లేదు. ఒక జట్టు మూడు ఆటల్లో ఎన్ని గోల్స్ కొట్టాలన్న నియమం ఏదీ లేదు. పట్టిక తయారుచేసేవాళ్లు సరిచూడాల్సింది ముందుగా గోల్స్ వరుసలనే. పాయింట్ల మీదే కళ్లన్నీ ఉంటాయి కాని, పాయింట్లలో తప్పు పడితే దొరక్కపోవడం అరుదు.

గోల్స్‌లో ఒక తప్పు చూద్దాం. భారత్ ఇచ్చుకున్న గోల్స్ 6 బదులు 5 అని అచ్చయిందనుకోవాలి. చదివేవాడికి తెలిసింది మూడు సంగతులు: గోల్స్ గడుల్లో ఎక్కడో ఒక్క అంకె తప్పు, మిగతావన్నీ సరే, భారత్ ప్రతి ఆటలో ఒక్కొక్క గోల్ కొట్టింది. కొట్టినవి 27, ఇచ్చుకున్నవి 26. కొట్టినవాటిలో ఒకటి ఎక్కువైనా పడి ఉండాలి, ఇచ్చుకున్నవాటిలో ఒకటి తక్కువైనా పడి ఉండాలి. గడులు ఎనిమిది, అనుమానితులూ ఎనిమిది. భారత్ కొట్టిన మూడూ ఖాయం కాబట్టి ఏడు మిగిలాయి.

ఏడింటినీ ఒక్కొక్కటిగా దిద్ది చూడొచ్చు. కాలం తినే పని, కాని తప్పులేని పద్ధతి. అనుభవం ఉన్నవాళ్లు ఇంకో దారి పడతారు. ఏ అంకెలు తమలో తాము గొడవపడుతున్నాయో వెతుకుతారు. భారత్ ఇచ్చుకున్నవి నిజంగా ఐదే అయితే, ఫ్రాన్స్‌కు ఒకటి పోగా నాలుగు. హంగరీకి రెండు, పెరూకు రెండు తప్ప పంపకం లేదు. పెరూ కొట్టినవి ఆరైతే, భారత్ మీద రెండు పోగా నాలుగు మిగిలాయి. ఫ్రాన్స్ మీద ఒకటికి మించి కొట్టి ఉండదు, ఎందుకంటే ఫ్రాన్స్ దగ్గర పెరూ మీద కొట్టడానికి రెండే ఉన్నాయి, పైగా ఆ ఆట ఫ్రాన్స్ గెలిచింది. కాబట్టి హంగరీ మీద పెరూ కనీసం మూడు కొట్టాలి. భారత్ కొట్టిన ఒకటి కలిపితే హంగరీ ఇచ్చుకున్నవి నాలుగవుతాయి. పట్టికలో మూడే ఉన్నాయి.

ఈ గొడవలో పాలుపంచుకున్నవి భారత్ ఇచ్చుకున్న 5, పెరూ కొట్టిన 6, హంగరీ ఇచ్చుకున్న 3, ఫ్రాన్స్ కొట్టిన 3. మిగతావాళ్లు ఆ వీధిలోనే లేరు. హంగరీ కొట్టిన 15ను 14గా దిద్దినా, ఫ్రాన్స్ ఇచ్చుకున్న 9ని 10 చేసినా, పెరూ ఇచ్చుకున్న 9ని 10 చేసినా గొడవ అలాగే ఉంటుంది. ఫ్రాన్స్ కొట్టినవాటిని తగ్గిస్తే గొడవ ఇంకా ముదురుతుంది, పెరూ మీద కొట్టడానికి ఉన్న రెండు కాస్తా ఒకటవుతుంది. చివరికి నిలిచిన అనుమానితులు ముగ్గురు.

భారత్ ఇచ్చుకున్నవి 6 చేస్తే అసలు స్కోర్లు వస్తాయి. పెరూ కొట్టినవి 5 చేస్తే పెరూ 2-1 భారత్ అవుతుంది, మిగతా ఐదు స్కోర్లు అవే. హంగరీ ఇచ్చుకున్నవి 4 చేస్తే పెరూ 2-1 భారత్, హంగరీ 6-3 పెరూ అవుతాయి, మిగతావి అవే. మూడూ నిక్షేపంగా నిలబడే పట్టికలు. తప్పుందని తేలింది, ముగ్గురిలో ఒకరని తేలింది. అంతకు మించి ఈ పట్టిక నుంచి రాబట్టడం ఎవరి తరమూ కాదు. తప్పు ఉందని పట్టడం ఒక మెట్టు, ఎక్కడుందో చూపడం రెండో మెట్టు, సరిదిద్దడం మూడో మెట్టు. ఒక్కో మెట్టుకూ ఇంకొంత అదనపు సమాచారం కావాలి. పెరూ భారత్ మీద మూడు కొట్టిందన్న మాట ఒకటి చెవిన పడితే మూడో మెట్టు కూడా ఎక్కేయొచ్చు.

గొడవపడే అంకెల గుంపును పట్టుకుని అందులోనే తప్పును వెతకడమన్నది పజిళ్లతో ఆగలేదు. యంత్రంలో చెడిన భాగాన్ని కంప్యూటర్ చేత కనిపెట్టించే పద్ధతికి రేమండ్ రైటర్ 1987లో ఇచ్చిన సిద్ధాంతం ఇలాంటి గుంపుల మీదే నిలబడింది. అన్ని భాగాలూ బాగానే ఉన్నాయనుకుంటే కుదరని గుంపులను పోగుచేసి, ప్రతి గుంపులోనూ కనీసం ఒకరిని నిందితుడిగా ఎంచే అతి చిన్న జాబితా తీయాలి. ఒకే తప్పు ఉందని తెలిస్తే ఆ ఒక్కడూ అన్ని గుంపుల్లోనూ ఉండాలి. రెండు గుంపులు దొరికి, వాటికి ఉమ్మడిగా ఒకే గడి ఉంటే పని అక్కడికి పూర్తవుతుంది.

కూడికల తేడాయే ఒక్కోసారి తప్పు జాతిని చెప్పేస్తుంది. లెక్కలు రాసేవాళ్లకు తెలిసిన కిటుకులు రెండున్నాయి. తేడా తొమ్మిదితో భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. హంగరీ 15 కాస్తా 51 అయితే కొట్టినవి 63 అవుతాయి, తేడా 36. తేడా సరిసంఖ్య అయితే ఒక జట్టు రెండు గడులూ అటుదిటు పడ్డాయేమో చూడాలి. పెరూ 6-9 కాస్తా 9-6 అయితే మొత్తాలు 30, 24 అవుతాయి. తేడా 6, అంటే పెరూ గోల్స్ తేడాకు రెట్టింపు. ఈ కిటుకులు అనుమానితుణ్ని చూపిస్తాయే తప్ప నేరం రుజువు చేయవు.

పట్టికలో ఎంత అదనం ఉందో అంత బలం. చదరంగం పోటీల తుది పట్టికలో చాలాసార్లు పాయింట్లు మాత్రమే అచ్చవుతాయి. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో ముగిసిన మహిళల క్యాండిడేట్స్‌లో ఎనిమిదిమంది రెండేసిసార్లు ఆడారు, 56 ఆటలు, ఆటకో పాయింటు. టాన్ ఝాంగ్‌యీకి 9, గుడివాడ అమ్మాయి కోనేరు హంపికీ లెయ్ టింగ్‌జియెకూ వైశాలికీ 7.5 చొప్పున, గోర్యాచ్కినాకు 7, లాగ్నోకు 6.5, సలీమోవాకూ అన్నా ముజిచుక్‌కూ 5.5 చొప్పున. కూడితే 56. గోర్యాచ్కినా 7 బదులు 6.5 అని పడితే మొత్తం 55.5 అవుతుంది. అర పాయింటు ఎక్కడో పోయిందని ఎవరైనా చెప్పగలరు. ఎవరిదో చెప్పడానికి ఆధారమే లేదు. ఎవరు ఎవరితో ఎంత చేశారో చూపే పూర్తి పట్టిక ఉంటే అది చిటికెలో తేలేది.

మొత్తం సరిపోయినంత మాత్రాన పట్టిక సాధ్యమని కాదు. అడుగున ఉన్న ఏ కొన్ని జట్లను తీసుకున్నా, అవి తమలో తాము ఆడుకున్న ఆటల పాయింట్లన్నీ వాటి దగ్గరే ఉండి తీరాలి. రోమ్ పట్టికలో కింది మూడు జట్లు తమలో మూడు ఆటలు ఆడాయి, ఆరు పాయింట్లు. వాటి మొత్తం సరిగ్గా 3, 2, 1 కలిపి ఆరు. అంటే హంగరీ దగ్గర్నుంచి వాటికి ఒక్క పాయింటూ రాలేదని గెలుపుల వరుస చూడకుండానే చెప్పొచ్చు. డ్రాలు లేని పోటీలకు ఈ షరతు ఒక్కటే చాలునని 1953లో హెచ్.జి. లాండౌ నిరూపించాడు. ఆయన లెక్క వేసింది ఆటగాళ్ల కోసం కాదు. ఒక గుంపులోని కోళ్లలో ఏది దేన్ని పొడిచి అదుపులో పెడుతుందో చూపే పట్టిక గురించి. కోడిపందెం ఓడి మలిదేవులు ఏడేళ్లు రాజ్యం విడిచిన కథను వీరగాథగా పాడుకునే పల్నాడులో ఈ సిద్ధాంతానికి ఎప్పుడో ఆదరణ దొరకాల్సింది.

ఆటలన్నీ పూర్తికాని పట్టికల్లో మొదట చూడాల్సింది ఆడిన ఆటల వరుస. దాని మొత్తం సరిసంఖ్య కావాలి, కాని అది సరిపోదు. నాలుగు జట్లు 3, 3, 1, 1 ఆటలు ఆడాయంటే మొత్తం ఎనిమిది, చూడ్డానికి బాగానే ఉంది. మూడేసి ఆడిన రెండు జట్లూ అందరితోనూ ఆడేశాయి. అలాంటప్పుడు మిగతా రెండూ కనీసం రెండేసి ఆడి ఉండాలి. పట్టిక తప్పు. ఎలాంటి వరుసలు సాధ్యమో, ఎలాంటివి కావో పూర్తిగా తేల్చినవాళ్లు హంగరీ గణితజ్ఞులు పాల్ ఎర్డోష్, టిబోర్ గలాయ్. వాళ్ల సిద్ధాంతం వెలువడింది కూడా 1960లోనే.

గెలుపుకు మూడు పాయింట్ల పద్ధతి వచ్చాక లెక్క మారింది. ఇంగ్లండ్ లీగ్ 1981లో దాన్ని మొదలుపెట్టింది, 1994 నుంచి ప్రపంచకప్‌లోనూ అదే. పాత పద్ధతిలో మొత్తం పాయింట్లు ఎప్పుడూ ఆటల సంఖ్యకు రెట్టింపు. కొత్త పద్ధతిలో ప్రతి డ్రాకూ ఒకటి తగ్గుతుంది, కాబట్టి మొత్తం చూస్తే డ్రాలెన్నో తెలిసిపోతుంది. మూడు ఆటలకు 7 పాయింట్లంటే రెండు గెలుపులు, ఒక డ్రా తప్ప మరో దారి లేదు. 8 పాయింట్లు రావడం అసాధ్యం. పజిళ్లు అల్లేవాళ్లకు ఈ పద్ధతి వరమే. కబడ్డీలో ప్రో లీగ్ 2014లో మొదలైనప్పుడు గెలుపుకు 5, టైకి 3, ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే 1 అన్న లెక్క పెట్టారు. ఓడినవాళ్లకు వచ్చే ఆ ఒక్కటి వల్ల మొత్తం అటూఇటూ ఊగేది, కాపలా కాస్త వదులయ్యేది.

ఇక అన్ని అంకెలూ తప్పయిన పట్టిక. ఈ ఉపన్యాసం కోసం అల్లిన లెక్క ఇది. బెల్లంకొండ, పిడుగురాళ్ల, గురజాల జట్లు ఒకదానితో ఒకటి ఒక్కోసారి ఆడేశాయి. గెలుపుకు 3, డ్రాకు 1. అతికించిన కాగితం మీద ఇలా ఉంది:

గురజాల: గెలుపులు 2, డ్రాలు 0, ఓటములు 0, పాయింట్లు 6
బెల్లంకొండ: గెలుపులు 1, డ్రాలు 0, ఓటములు 1, పాయింట్లు 3
పిడుగురాళ్ల: గెలుపులు 0, డ్రాలు 0, ఓటములు 2, పాయింట్లు 0

ఈ పన్నెండు అంకెల్లో ఒక్కటీ నిజం కాదు. అసలు పట్టిక ఏది?

ముందు గమనించాల్సింది, ఈ కాగితం మీద వేలు పెట్టడానికి చోటు లేదు. గెలుపులు మూడు, ఓటములు మూడు, పాయింట్లు తొమ్మిది, అడ్డువరుసలన్నీ సరి. ఏ నియమమూ తప్పు పట్టదు. పట్టిక చెప్పేది నమ్మొద్దన్న బయటి మాట ఒక్కటే దారి చూపాలి, అదే మొత్తం దారి చూపుతుంది.

రెండు ఆటలాడిన జట్టుకు ఆరే స్థితులు సాధ్యం: రెండు గెలుపులు, గెలుపు-డ్రా, గెలుపు-ఓటమి, రెండు డ్రాలు, డ్రా-ఓటమి, రెండు ఓటములు. బెల్లంకొండతో మొదలుపెట్టాలి, ఎందుకంటే మిగతా రెండు వరుసల కంటే అదే త్వరగా తెగుతుంది. డ్రాలు సున్నా కావు కాబట్టి డ్రా ఉన్న మూడు స్థితులే మిగిలాయి. గెలుపులు ఒకటి కావు, ఓటములూ ఒకటి కావు. గెలుపు-డ్రా పోయింది, డ్రా-ఓటమి పోయింది. బెల్లంకొండ రెండు ఆటలూ డ్రా చేసుకుంది. పిడుగురాళ్లకు ఒక డ్రా ఖాయమైంది. దానికి గెలుపులు సున్నా కావు కాబట్టి రెండో ఆట గెలిచింది. ఆ ఆట గురజాలతోనే. గురజాలకు ఒక డ్రా, ఒక ఓటమి. నిజమైన వరుస: పిడుగురాళ్ల 4, బెల్లంకొండ 2, గురజాల 1. పాయింట్లతో సహా పన్నెండూ మారాయి, పైనున్నది అడుగుకు, అడుగునున్నది పైకి వెళ్లాయి.

ఒక్క తప్పు ఉన్న రోమ్ పట్టిక మూడు జవాబుల దగ్గర ఆగిపోయింది. పన్నెండు తప్పులున్న ఈ పట్టిక ఒకే జవాబిచ్చింది. తప్పుల సంఖ్యకూ లెక్క కష్టానికీ సంబంధం లేదు. తప్పు ఎక్కడెక్కడ ఉందో ముందే తెలిస్తే ప్రతి గడీ తాను ఏది కాదో చెబుతుంది. సున్నా, ఒకటి, రెండు మాత్రమే పట్టే గడిలో ఒకదాన్ని కొట్టేయడమంటే మూడోవంతు పని అయినట్టే. ఒకటే తప్పు, చోటు తెలియదు అన్నప్పుడు మాత్రం ఏ గడినీ పూర్తిగా నమ్మడానికి లేదు, పూర్తిగా కాదనడానికీ లేదు. పజిల్ అల్లేవాడికి ఇందులో బాధ్యత ఎక్కువ. తాను అనుకున్న జవాబు కుదిరిందని ఊరుకోకూడదు. అనుమానించదగిన ప్రతి గడినీ మార్చి చూసి, ఇంకో జవాబు లేదని రూఢి చేసుకోవాలి. అచ్చయిన పజిళ్లలో రెండో జవాబు బయటపడి పరువు పోయేది ఈ చివరి పనికి ఒళ్లు వంచకపోవడం వల్లే.

పత్రాల్లో, పరిశోధనల్లో ఉండే పట్టికలకూ ఈ పరీక్షే జరుగుతుంది. 19వ శతాబ్ది చివర హెర్బర్ట్ రిస్లీ బెంగాల్ కులాల, తెగల శరీరకొలతలు సేకరించి అచ్చువేయించాడు. వాటిలోని పొరపాట్లను దశాబ్దాల తర్వాత పి.సి. మహలనోబిస్ సరిచూసి, 1933లో తాను స్థాపించిన సాంఖ్య పత్రికలో సవరణ ప్రచురించాడు. కలకత్తాలో ఆయన దగ్గర చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు, కృష్ణకు అవతల నందిగామలోనూ, అంతకుముందు గూడూరు, నూజివీడుల్లోనూ చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి వెళ్లినవాడు. సి.ఆర్. రావుగా లోకానికి తెలిసిన ఆయన తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ గ్రంథంలో, అంకెలను విశ్లేషించే ముందు వాటిని సాక్షిని నిలదీసినట్టు నిలదీయాలని వాదించాడు. 1947లో ఆయన రూపొందించిన ఆర్తోగనల్ ఆరేలు, 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన తప్పులు దిద్దుకునే కోడ్‌లు ఒకే గణితానికి రెండు వైపులని తర్వాత తేలింది. హామింగ్ పద్ధతిలోనూ ప్రాణం అదే: సందేశానికి కొన్ని అదనపు అంకెలు జోడించి, ఏయే సరిచూపులు తప్పాయో చూసి చెడిన చోటు పట్టడం. పాయింట్ల పట్టికకు ఆ అదనం ఎవరూ జోడించనక్కర్లేదు, ఆట స్వభావంలోనే ఉంది.

అయితే ఈ పరీక్షలన్నీ పట్టుకునేది ఎత్తిరాతలో పడ్డ తప్పునే. మూలంలో పడ్డ తప్పు వేరు. రోమ్ నుంచి వార్త పంపినవాడు పెరూ 3-1 భారత్ అన్నదాన్ని 2-1 అని విన్నాడనుకుంటే, పెరూ కొట్టినవి 5 అవుతాయి, భారత్ ఇచ్చుకున్నవి 5 అవుతాయి. రెండు తప్పులూ ఒకే స్కోరు నుంచి పుట్టాయి కాబట్టి ఒకదాన్నొకటి కప్పుకుంటాయి. మొత్తాలు 26, 26. గెలుపోటములు మారవు, పాయింట్లు మారవు, స్థానాలు మారవు. భారత్ ఒక్కొక్క గోల్ కొట్టిందన్న సంగతితో విప్పినా లెక్క నిక్షేపంగా విడిపోయి, ఆరు స్కోర్లూ ఇస్తుంది, వాటిలో ఒకటి తప్పు. పట్టికను తిరగేసి, బోర్లించి చూసినా ఇది దొరకదు. రిఫరీ నివేదిక కావాలి, లేదా పట్టికతో సంబంధం లేకుండా తయారైన మరో జాబితా కావాలి. గోల్స్ కొట్టినవాళ్ల జాబితా అలాంటిది. అందులో పెరూ ఆటగాళ్ల పేర్ల ఎదుట ఉన్నవి కూడితే ఆరు రావాలి. ఐదొస్తే వెంటనే తీర్పు చెప్పడానికి వీల్లేదు, ఎదుటి జట్టు ఆటగాడు తన గోల్‌లోకే తన్నుకున్నవి ఆ జాబితాలో వేరుగా రాస్తారు. వాటిని కూడా కలిపి చూసిన తర్వాతే తేడా ఉందో లేదో తేలుతుంది.